సిరిసిల్ల పేజీలో శైలజ ఫొటో

విద్యార్థి సంఘమన్నది ఎన్నడూ ఏ సమస్యనూ తీర్చకూడదు. తీర్చిందంటే విద్యార్థులకు అంతకు మించిన ద్రోహం లేదు!

కోపగించుకోకండి, కాస్త నిదానంగా ఆలోచించండి. సమస్య తీరిపోతే వినతిపత్రం ఎందుకుంటుంది? వినతిపత్రం లేకపోతే ఫొటో ఎక్కడిది? ఫొటో లేకపోతే మరునాడు పొద్దున్నే పేపరు పరుచుకుని, రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు మనవాడే కదా అని వేలు పెట్టి చూపించుకునే భాగ్యం తల్లిదండ్రులకు ఎలా దక్కుతుంది? హాస్టల్లో ఒక కుళాయి బాగుపడితే ఇంతమంది సంతోషం గంగలో కలిసిపోతుందని ఎవరైనా అనుకున్నారా?

జగిత్యాలలో ఒక యూనివర్సిటీవారి పీజీ కళాశాల ఉంది. పేరు మాత్రం చెప్పను. చెబితే రేపు ఇరవై మంది మా ఇంటి ముందు నిలబడి నాకూ ఒక వినతిపత్రం ఇస్తారు, నేను దాన్ని నవ్వుతూ పట్టుకోవాల్సి వస్తుంది. ఆ కళాశాలకు పీజీ విద్యార్థి మండలి ఉంది. మండలికి ‘మండలి మాట’ అని నెలకు రెండుసార్లు వాట్సాప్‌లో వచ్చే వార్తాపత్రిక ఉంది. మొన్న మార్చి నాటికి మండలి నలభై ఒక్క వినతిపత్రాలు ఇచ్చిందని అందులోనే రాశారు. నలభై ఒక్కసార్లూ అధికారులు సానుకూలంగా స్పందించారు.

లైబ్రరీ పైకప్పు కారుతోందని ఆరుసార్లు ఇచ్చారు. ఆరో ఫొటోలో గొడుగు కూడా ఉంది. వాటర్ కూలర్ పనిచేయడం లేదని దాని ముందు ఫొటో దిగీ దిగీ ఆ కూలర్‌కు జిల్లాలో మంచి గుర్తింపు వచ్చింది. వైఫై రావడం లేదన్న వార్తను అందరికీ పంపడానికి అధ్యక్షుడు గేటు బయట టీకొట్టు దాకా నడిచి వెళ్లాడు. ఇంత చైతన్యం ఇంకెక్కడైనా చూశారా?

అలాంటి చోట శైలజ అనే అమ్మాయి చేసిన పని వింటే మీకే బాధ కలుగుతుంది.

శైలజది సిరిసిల్ల. తండ్రి సమ్మయ్య సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల చప్పుడులో బతికి బతికి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. శైలజ ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడాది. పసుపు దుంపకుళ్లు తెగులు మీద ఆమె ప్రాజెక్టు. ఆ తెగులు తెచ్చే బూజును చిన్న గాజు ప్లేట్లలో పెంచి, ఏ ఆకు రసం వేస్తే అది ఆగుతుందో చూడాలి. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి, అది ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో కొలిచి రాయాలి. జూన్ పదిహేను దాకా ఒక్క పూట కూడా తప్పకూడదు. ప్రాజెక్టు చూసే మేడమ్ నమ్మకంతో ల్యాబ్ తాళంచెవి ఆమెకే ఇచ్చారు.

అయితే అమ్మాయిల హాస్టల్ ఏప్రిల్ ముప్పైన మూసేస్తారు. అదే హాస్టల్లో ఉండే డిగ్రీవాళ్ల పరీక్షలు ఆ తేదీకి అయిపోతాయి కాబట్టి మూసేస్తారు. పీజీవాళ్ల ప్రాజెక్టులు ఇంకా ఆరు వారాలు మిగిలే ఉంటాయని క్యాలెండర్ వేసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. సిరిసిల్లలో మొదటి బస్సెక్కినా జగిత్యాలలో దిగేసరికి పొద్దుటి కొలత దాటిపోతుంది. నెలన్నరకు ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చే ఇల్లు దొరకలేదు, నాలుగు వీధులు తిరిగి అడిగింది. కొలతలు తప్పితే ప్రాజెక్టు మళ్లీ మొదటికి వస్తుంది, చదువు ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఇంకో ఏడాది పంపుతారా అన్నది ఇంట్లో అడగడానికే ఆమెకు భయం.

మరో ఇద్దరు అమ్మాయిలదీ ఇదే పరిస్థితి. ముగ్గురూ కలిసి మండలి అధ్యక్షుడు అక్షయ్ దగ్గరికి వెళ్లారు.

అక్షయ్‌ది కోరుట్ల, పీహెచ్‌డీ చేస్తున్నాడు. మంచివాడు. ఎవరు పిలిచినా వస్తాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకుంటాడు. శైలజ చెప్పింది మొత్తం విన్నాడు, అన్యాయమన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. తర్వాత అసలు చిక్కు చెప్పాడు.

“ముగ్గురే ఉంటే ఫొటోల పక్కపొంటి ఖాళీ కనవడ్తది చెల్లె. ఓ ఇరవై మందన్న ఉండాలె.”

ఇరవై మంది ఊరికే వస్తారా? వాళ్ల సమస్యలు కూడా వినతిపత్రంలో ఉండాలి కదా! క్రికెట్ నెట్ కావాలన్నవాళ్లు ఎనిమిది మంది దొరికారు, వాళ్లది మొదటి డిమాండ్. క్యాంటీన్‌లో బజ్జీల సైజు తగ్గిందన్నవాళ్లు ఐదుగురు, వాళ్లది రెండోది. బండ్లు పెట్టుకోవడానికి నీడ, సెల్ఫీ పాయింట్, ఆడిటోరియంలో మైకు, ఇలా పెరుగుతూ పోయి మొత్తం పదకొండయ్యాయి. శైలజ రాసిచ్చిన పేజీ తొమ్మిదో నంబర్ దగ్గర ‘హాస్టల్ సమస్యలు పరిష్కరించాలి’ అన్న మూడు మాటలై మిగిలింది. ఆరువారాలు లేవు, పసుపు లేదు, తేదీ లేదు. అదేమిటని శైలజ అడిగితే, ఒక్కోటి ఒక్క లైను దాటకుండా రాస్తేనే పేపర్‌లో పడుతుందని అక్షయ్ ఓపికగా నచ్చజెప్పాడు.

వార్త ముందురోజు సాయంత్రమే విలేకరులకు వెళ్లిపోయింది. రేపు జరగబోయేది జరిగిపోయినట్టు రాయడం ఇక్కడి పద్ధతి. వినతిపత్రం అందజేశారని, ప్రిన్సిపాల్ సానుకూలంగా స్పందించారని, విద్యార్థులు హర్షం వ్యక్తం చేశారని ముందే రాసేశారు. మరునాటి హర్షాన్ని ముందురోజే ఖాయం చేసుకునే ధైర్యం మీకూ నాకూ ఉందా?

మరునాడు సాయంత్రం వెళ్లి చూస్తే ప్రిన్సిపాల్ లేరు. కరీంనగర్‌లో మీటింగుకు వెళ్లారు. ఆఫీసులో సూపరింటెండెంట్ లక్ష్మీరాజం ఉప్మా తింటున్నాడు. ఇరవై మూడు మంది ఒక్కసారిగా లోపలికి రావడంతో చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం పెట్టారు. ఒక చివర ఆయన పట్టుకున్నాడు, ఒక చివర అక్షయ్ పట్టుకున్నాడు, ఇద్దరూ కాగితం వైపు కాకుండా ఫోన్ వైపు చూశారు.

ఒక్క ఫొటోతో అయిపోలేదు. మన పేపర్లకు ఊరికో పేజీ ఉంటుంది కదా. జగిత్యాల పేజీకి జగిత్యాలవాళ్లను మధ్యలోకి తెచ్చి ఒకటి తీశారు. కోరుట్ల పేజీకి అక్షయ్ చుట్టూ కోరుట్లవాళ్లను చేర్చి ఇంకొకటి తీశారు. సిరిసిల్ల పేజీకి సిరిసిల్ల మనిషి కావాలి. ఉన్నది శైలజ ఒక్కతే. చివర్లో నిలబడ్డ పిల్లను పట్టుకొచ్చి సరిగ్గా నడిమధ్యలో నిలబెట్టారు, కాగితం ఆమె చేతికే ఇచ్చారు. ఆమె నవ్వలేదని మళ్లీ తీశారు.

అందరూ బయటికి వచ్చారు, సమోసాలు తిన్నారు, వెళ్లిపోయారు. శైలజ సాయంత్రం కొలతకు ల్యాబ్‌కు పరుగెత్తింది.

మూడు ఊళ్ల పేజీల్లోనూ వార్త వచ్చింది. లక్ష్మీరాజం ఆ రోజుకు ‘కళాశాల ఉన్నతాధికారి’ అయ్యాడు. వాళ్ల ఆవిడ ఆ ముక్క కత్తిరించి బీరువాలో పెట్టింది. సిరిసిల్లలో సమ్మయ్య టీ హోటల్లో పేపరు చూసి, అక్కడున్న అందరికీ చూపించి, హోటలాయనను అడిగి పేపరు ఇంటికి పట్టుకొచ్చాడు. హాస్టల్ సంగతి తేలిపోయిందని భార్య అంజవ్వకు చెప్పాడు. పేపర్‌లో వేశారంటే ఇక అయిపోయినట్టే కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. ‘మండలి మాట’ ప్రత్యేక సంచిక తెచ్చింది. సానుకూలంగా స్పందించినందుకు లక్ష్మీరాజానికి శాలువా కప్పారు, అది నలభై రెండో విజయంగా నమోదైంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన హాస్టల్ గోడమీద నోటీసు పడింది. ముప్పై సాయంత్రం ఐదింటికి అందరూ ఖాళీ చేయాలి.

శైలజ ఆఫీసుకు వెళ్లింది. లక్ష్మీరాజం ఆమెను గుర్తుపట్టి కూర్చోమన్నాడు, ఇన్‌వార్డు రిజిస్టరు తెప్పించి నెలమొత్తం వెతికాడు. మండలి కాగితం ఎక్కడా నమోదు కాలేదు. ఫైల్లో పేపర్ కటింగు ఉంది, శాలువా ఫొటో ఉంది, కాగితం లేదు. లేని కాగితం మీద ప్రిన్సిపాల్ ఏం రాయాలి? పైగా విద్యార్థులు ఇప్పటికే కృతజ్ఞతలు చెప్పేసినట్టు ఫైల్లో ఉందాయె!

అక్షయ్‌ను అడిగితే అతనూ తెల్లబోయాడు. బ్యాగు విప్పాడు. తెల్లచొక్కా కింద, రెండు మడతలతో, మూలన ఉప్మా జిడ్డుతో వినతిపత్రం ఉంది. ఆ రోజు మూడో ఫొటో అయ్యాక, ఇంకో ఫొటో ఉందేమోనని లక్ష్మీరాజం దాన్ని శైలజ చేతిలోనే వదిలేశాడు. ఆమె, అధ్యక్షుడిది కదా అని అక్షయ్‌కిచ్చింది. జిరాక్సు కాపీ ఆఫీసులో ఎవరో ఇచ్చే ఉంటారని అక్షయ్ బ్యాగులో పెట్టుకున్నాడు. బ్యాగు అడుగున మరికొన్ని కాగితాలు కూడా కనిపించాయి. లైబ్రరీ పైకప్పు, కూలర్, వైఫై. ఒక్కటీ ఆ బ్యాగు దాటి వెళ్లలేదు.

శైలజకు ఏడుపొచ్చింది. అక్షయ్‌కు సిగ్గేసింది. సిగ్గులోంచి బయటపడటానికి తనకు తెలిసిన ఒకే దారి పట్టాడు: రేపే అందరినీ పిలుస్తానని, ఈసారి ఇంకా పెద్దగా ఇద్దామని, విలేకరులకు ఇప్పుడే ఫోన్ చేస్తానని అన్నాడు.

“ఫొటో వద్దన్నా. రేపు నేనొక్కదాన్నే పోత,” అంది శైలజ.

ఆ అమ్మాయి చేసిన ఘోరం ఇక్కడ మొదలైంది. పదకొండు డిమాండ్లనూ పక్కన పెట్టి, తెల్లకాగితం మీద నాలుగే లైన్లు రాసింది. ముగ్గురం ఉన్నాం, జూన్ పదిహేను దాకా ఉంటాం, పని ఇది, వంటమనిషి ఎల్లవ్వ వండి పెడతానని ఒప్పుకుంది. కింద ముగ్గురి సంతకాలు, ఎల్లవ్వ వేలిముద్ర. మరునాడు ఉదయం కొలత రాసుకుని, ఒక్కతే వెళ్లి, కాగితం టేబుల్ మీద పెట్టి, చెయ్యి తీసేసింది. చెయ్యి తీసేయడం! మండలి చరిత్రలో ఇలా ఎన్నడూ జరగలేదు.

లక్ష్మీరాజం కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ముద్ర వేసి, నంబర్ రాసి, జిరాక్సు మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

“నేనీ సీటుకచ్చి నాలుగేండ్లాయె బిడ్డా. మీ పోరగాండ్ల నుంచి నా టేబుల్ మీద వడ్డ మొదటి కాయిదం గిదే.”

ప్రిన్సిపాల్ దాన్ని చూసి, ఇంత చిన్న విషయం ముందే ఎందుకు అడగలేదని విసుక్కున్నారట. ముప్పై మధ్యాహ్నం, తాళం పడటానికి మూడు గంటల ముందు, ‘అనుమతించడమైనది’ అన్న ఒక్క మాట మీద ఆయన సంతకంతో ఉత్తర్వు వచ్చింది. ఎల్లవ్వ బియ్యం నానబెట్టింది. ముగ్గురు అమ్మాయిలూ సర్దిన పెట్టెలు మళ్లీ విప్పారు. శైలజ మంచం మీద కాసేపు ఊరికే కూర్చుంది, తర్వాత ఆరు కాకముందే గుర్తొచ్చి ల్యాబ్‌కు ఉరికింది.

నష్టమెంతో చూశారా? నినాదం లేదు, ఫొటో లేదు, శాలువా లేదు, సమోసా లేదు. ‘మండలి మాట’ ఆ పక్షం ఏం వేయాలో తెలియక క్రికెట్ నెట్ డిమాండును పునరుద్ఘాటించింది. ఇలా ఎవరికి వారే కాగితం రాసుకుని టేబుల్ మీద పెట్టి నంబర్ తీసుకోవడం నేర్చుకుంటే ఈ దేశంలో నాయకత్వం ఏమైపోవాలి? లైబ్రరీ పైకప్పు కింద చదివే ఒకరిద్దరు అప్పుడే ఇన్‌వార్డు సెక్షన్ ఎక్కడుందని అడుగుతున్నారట. నాకు భయంగా ఉంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం సిరిసిల్లలో జరిగింది. హాస్టల్ ఉత్తర్వు వచ్చిందని శైలజ ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. సమ్మయ్య నాలుగు రోజులు టీ హోటల్లో పేపరు మొత్తం తిరగేశాడు. ఎక్కడా లేదు. ఐదో రోజు తనే ఫోన్ చేశాడు.

“అప్పుడంటే పేపర్ల అచ్చింది గద బిడ్డా, నమ్మినం. గిప్పుడేడ రాలే. నిజం చెప్పు, ఎక్కడుంటున్నవ్?”

శైలజ ఉత్తర్వు ఫొటో తీసి పంపింది. ఆ ఆఫీసు రాత తనకు చదవరాలేదని, అందులో మనుషులెవరూ లేరని సమ్మయ్య అన్నాడు. అంజవ్వకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. పిల్ల ఎక్కడో ఇబ్బంది పడుతూ తమకు అబద్ధం చెబుతోందని ఇద్దరికీ అనుమానం.

సంపాదకులవారికి మనవి: ఈ వ్యాసాన్ని సాహిత్యం పేజీలో కాకుండా సిరిసిల్ల పేజీలో, పైన ఎడమవైపు వేయగలరు. సమ్మయ్యగారూ, మీ అమ్మాయి హాస్టల్లోనే ఉంది. ఇది నిజం. పేపర్‌లో కూడా వచ్చింది.