మా ఊరి కౌన్సెలర్ విమానంలో ఉంది

ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కౌన్సెలర్‌ని విదేశాలకు పంపించేయాలి. వెంటనే పంపించేయాలి! కన్నతల్లిగా ఇది నా గట్టి అభిప్రాయం.

నవ్వకండి. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద చదువుల సంగతి నాకు తెలియదు. కానీ భయపడటంలో నన్ను మించినవాళ్లు ఈ తిమోక్ లోయలో లేరని మా ఆయన మిలుతినే ఒప్పుకుంటాడు. తడి జుట్టుతో గడప దాటితే మెదడువాపు. చల్లటి రాతి మెట్టు మీద ఆడపిల్ల కూర్చుంటే గర్భసంచికి ముప్పు. ఇక అన్నిటికీ పెద్దది ప్రొమాయా! ఈ కిటికీలోంచి వచ్చి ఆ కిటికీలోంచి దూసుకుపోయే గాలి అది. మెడ పట్టేస్తుంది, మూతి వంకరపోతుంది, ఆఖరికి మనిషే పోతాడు. మా మేనమామ అలాగే పోయాడు. లారీ బోల్తాపడి పోయాడని అందరూ అంటారు గానీ, ఆ లారీకి రెండువైపులా అద్దాలు దించే ఉన్నాయి!

అలాంటి నాకు కౌన్సెలర్ విదేశాల్లో ఉంటేనే నిశ్చింత. ఎందుకంటారా?

మా కౌన్సెలర్ పేరు నెవెనా. బడిలో మెట్ల కింది చిన్న గదిలో కూర్చుని పిల్లల మనసులోని గోడు వినేది. మా అమ్మాయి దూన్యాకి పదిహేనేళ్లు. చలి మొదలైనప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. అడిగితే భుజాలు ఎగరేస్తుంది, తలుపు వేసుకుంటుంది. నేను తలుపుకి చెవి ఆనించి, ఊపిరి వినిపిస్తే ఒక భయంతో, వినిపించకపోతే ఇంకో భయంతో బతికాను. మంగళవారం మంగళవారం నెవెనా దగ్గరికి వెళ్లసాగింది. ఒక మంగళవారం ఇంటికొచ్చి, “అమ్మా, మిరపకాయల పచ్చడి అయిపోయిందా?” అని అడిగింది. పూర్తి వాక్యం! నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

ఆ తర్వాత మాకు అదృష్టం పట్టింది. నెవెనాకి విదేశాల నుంచి పిలుపు వచ్చింది. అదేమిటని హెడ్మాస్టరు గారిని అడిగాను.

“స్తామెంకా గారూ, మంగోలియాలో కౌన్సెలింగ్ వృత్తి ఇప్పుడిప్పుడే మొలకెత్తుతోందండీ. మనమ్మాయి వెళ్లి నీళ్లు పోయాలి.”

“మరి మన దగ్గర మొలిచిందాండీ?”

“మన దగ్గర మానైపోయింది కదండీ! మనకో కౌన్సెలరే ఉంది!”

“ఎక్కడుంది?”

“మంగోలియాలో.”

ఇంత మంచి సమాధానం విన్నాక ఇంకేం అడుగుతాం? మంగోలియా అయ్యాక జార్జియా. జార్జియా అయ్యాక మాల్టా. మాకు ఒరిగిన లాభాలు చూడండి. ఒకప్పుడు పిల్లలు తమ వంతు కోసం ఆ గది బయట చల్లటి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. ఎన్ని గర్భసంచులు బతికిపోయాయి! బడిలో ఏ పిల్లకీ ఏ సమస్యా లేదని హెడ్మాస్టరు గారు పైవాళ్లకు రాశారు. తాళం వేసిన గదికి వచ్చి ఎవరు చెప్పుకుంటారు సమస్య?

పైగా ఇది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం. మన కౌన్సెలర్ వాళ్ల దేశాలకు వెళ్తుంది, వాళ్ల కౌన్సెలర్లు మన దేశానికి వస్తారు. ఎవరూ ఎవరింట్లోనూ ఉండరు. వృత్తి మాత్రం ఎదుగుతూ ఉంటుంది!

మే నెలలో నార్వే నుంచి కౌన్సెలర్ల బృందం ఒకటి దిగింది. వాళ్ల నాయకురాలు ఇంగెబోర్గ్, పొడుగాటి మనిషి. బడి హాల్లో తల్లులందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, “ఉక్కగా ఉంది కదూ?” అంటూ రెండువైపులా కిటికీలు తెరిచేసింది.

తల్లులందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం.

“మీరు దేనికి భయపడుతున్నారు?” అని దుబాసీ చేత అడిగించింది.

“వెనక కిటికీకి!”

“మీ బాల్యంలో ఆ కిటికీ వెనక ఎవరున్నారు?”

పక్కింటి రాదోయ్‌కా నా వైపు వంగింది. “పిల్ల మంచిదే వదినా, కానీ బతకదు. ముందు ఆ మెడకి ఏదన్నా చుట్టు!”

నా శాలువా చుట్టాను. ఇంకొకామె తన స్కార్ఫు చుట్టింది. ఇంగెబోర్గ్ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంత గొప్ప సామూహిక చికిత్స ఎక్కడా చూడలేదట. దీని మీద మాట్లాడటానికి ఇంకో రెండు దేశాలు వెళ్తుందట. మర్నాటికి ఆవిడ మెడ పట్టేసింది. రాకియా సారాతో మర్దన చేశాను, అంతే.

వెళ్లే రోజు ఆవిడ దూన్యా పక్కన కూర్చుని, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి, మెల్లగా ఏదో అడిగింది. దూన్యా నోరు తెరవబోయింది. బయట ఎయిర్‌పోర్టుకి వెళ్లే వ్యాను హారన్ కొట్టింది.

తప్పెవరిది? విమానం ఆగుతుందా?

ఆ వారమే మాల్టాలో నెవెనా చేసిన ప్రసంగాన్ని హెడ్మాస్టరు గారు మాకు తెర మీద చూపించారు. “పిల్లలకి కావలసింది సలహాలు కాదు. వారం వారం అదే కుర్చీలో అదే మనిషి” అంది నెవెనా. మాల్టాలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

“ఎంత బాగా చెప్పిందే!” అన్నాడు మిలుతిన్. “మన ఊళ్లో కూడా ఇలాంటి మనిషి ఒకరుంటే బాగుండు.”

మొన్న మంగళవారం నేను తాళంచెవి అడిగి తీసుకుని, మెట్ల కింది గది తుడిచి, ఆ కుర్చీలో కూర్చున్నాను. బడి వదిలాక దూన్యా తొంగి చూసింది.

“నువ్విక్కడ ఏం చేస్తున్నావమ్మా?”

“ఏం లేదు. ఊరికే కూర్చున్నా.”

“ఉక్కగా లేదూ? కిటికీ తెరు.”

నా వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా కిటికీ. పాఠకులారా, నేను తెరిచాను! మా మేనమామ కళ్ల ముందు కదిలాడు. అయినా తెరిచాను. గాలి నా మెడ మీంచి కోసుకుంటూ పోయింది. నేను కదల్లేదు. దూన్యా మాట్లాడింది.

ఏం చెప్పిందో రాయను. కౌన్సెలర్లు బయటపెట్టరట. కానీ సగంలో ఆగిపోయింది. “మిగతాది నీకు చెప్పేది కాదమ్మా. నువ్వు భయపడతావు. నెవెనా గారొచ్చాక చెప్తాను” అంది.

ప్రస్తుతం మెడ ఎడమవైపే తిరిగి ఉంది, ఇదంతా అలాగే రాస్తున్నాను. మాల్టా సోదరులారా! మీ దగ్గర వృత్తి ఈపాటికి బాగానే ఎదిగి ఉంటుంది. మా మనిషిని మాకు పంపించండి. విమానంలో గాలి నేరుగా నడినెత్తినే కొడుతుందటగా, ఎయిర్‌పోర్టుకి శాలువా పట్టుకుని నేనే వస్తాను.