వాగులో పుచ్చకాయ తిన్న కమిటీ

ఏ నేలలో ఇళ్లు కట్టాలో, ఏ నేలలో కట్టకూడదో తేల్చే అధికారం ఊరి మున్సిపాలిటీ చేతిలోనే ఉండాలి! ఈ మాట అన్నందుకు ట్యునీషియాలోని మా మిరపకాయల ఊళ్లో నన్ను కొట్టడానికి వచ్చారు. అన్యాయం. మున్సిపాలిటీ చెప్పకపోతే ఏది పొలమో, ఏది వాగో ఎవరికి తెలుస్తుంది?

మా మున్సిపాలిటీ అధ్యక్షులు షాద్లీ గారు పద్ధతి గల మనిషి. వాగును ముంపు జోన్‌లోంచి తీసేయమని బిల్డర్ అడిగితే గుడ్డిగా సంతకం పెట్టలేదు. కమిటీతో సహా స్వయంగా వాగులోకి దిగారు. ఆగస్టు నెల, మా దేశంలో నడివేసవి. నడిమధ్య కుర్చీలు వేయించుకుని పుచ్చకాయ కోసుకు తిన్నారు. నీటి చుక్క కనబడలేదు. ఇంతకంటే శాస్త్రీయమైన తనిఖీ ఎక్కడైనా విన్నారా?

మన్నూబియా పిన్ని మాత్రం గట్టు మీంచి అరిచింది. ఆమెకున్నదల్లా వాగు పక్కనున్న ఆ మిరప చేనే.

"ఒరే షాద్లీ! మీ నాన్న ఈ వాగులో మేకను కూడా కట్టెయ్యలేదురా. సెప్టెంబరు రానీ, అప్పుడు వేసుకో కుర్చీలు!"

"వాగేది పిన్నీ? ఏదీ, చూపించు," అన్నారాయన మర్యాదగా.

పాపం, చూపించలేకపోయింది. వాగులో అపార్ట్‌మెంట్లు లేచాయి. పిన్ని తన చేలో కోళ్లగూడు కట్టుకుంటానంటే మాత్రం వీల్లేదన్నారు. ఆమెది రక్షిత వ్యవసాయ భూమి కదా! కన్నతల్లి కూడా ఇంత కాపలా కాయదు.

సెప్టెంబరులో వానలు పడ్డాయి. వాగు వచ్చింది. తన చోట అపార్ట్‌మెంట్లుంటే గొడవపడకుండా పక్కకు తిరిగి, పిన్ని చేలోంచి పోయింది. ఎర్రబడ్డ కాయలన్నీ బురద కిందికి చేరాయి. పిన్ని ఒక మొక్కను పైకి లాగి, కడిగి, మళ్లీ నాటింది. అది నిలబడలేదు. నేను చూడలేకపోయాను.

కంచే చేను మేసిందంటారా? తొందరపడకండి. కమిటీ వెంటనే వచ్చి తప్పు సరిదిద్దింది. పిన్ని చేనే అసలైన వాగని మ్యాపులో నీలం రంగు వేసింది. ఇక అందులో గింజ వేసినా నేరమే.

"మరి నేనెక్కడ పండించుకోనురా?"

"ఎందుకు పిన్నీ కష్టం?" అన్నారు షాద్లీ గారు. "మూడో అంతస్తులో ఫ్లాట్ ఖాళీగా ఉంది. అక్కడికి నీళ్లు రావు."

అధికారం ఊరి చేతిలోనే ఉండాలని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఊరంటే షాద్లీ గారు, బిల్డరూ మాత్రమేనా, మన్నూబియా పిన్ని కూడానా? కమిటీ ఈ ఒక్కటి తేల్చిపెడితే చాలు.