ఐదు వంకర రూపాయలు

ఆ పొద్దు శ్రీలత చేయవలసిన పనులు: పాలు కాచడం, ఎసట్లో కందిపప్పు వేయడం, బిడ్డకు జడ వేయడం, అత్తమ్మ ఇచ్చిన నిజాం కాలపు వెండి రూపాయలకు దండకు గుచ్చేందుకు దేవరకొండ బజారులో కొండీలు వేయించడం. ఇంకో పని ఎవరికీ చెప్పలేదు. యారాలు, ఇంటి చిన్నకోడలు మనీష రూపాయలు ఎట్లున్నాయో చూడాలి.

అత్త లక్ష్మీనర్సమ్మ ముందురోజే కోడళ్లిద్దరికీ తలా ఐదు పంచింది. శ్రీలతవాటిలో ఒకటి వంకర, ఒకటి మందం, ఒకదానిమీద అక్షరాలు సగం అంచు దాటిపోయాయి. పాలు కాగేలోగా పోయి చూసొచ్చింది, మనీషవి మాత్రం ఒకదాన్ని చూస్తే ఐదూ చూసినట్టే. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. అంచున ఒకే జాగాలో చిన్న గంటు కూడా ఉంది. సర్కారు గుర్తు కాబోలు!

పన్నెండేండ్ల చాకిరీకి తాలు, నిన్నగాక మొన్న వచ్చినదానికి గింజలా? శ్రీలత చింతపండు పెట్టి తనవి తోమింది. తోమినకొద్దీ వంకరే మెరిసింది.

ఇక లాభం లేదని మనీష దగ్గరికి పోయింది. పొరుగింటి గుర్వమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"మనీషా, రూపాయలు మార్చుకుందామా? నావి నువ్వు తీస్కో. నాకు ఏవైనా ఒకటే."

"వద్దక్కా, అత్తమ్మ నీకిచ్చినయి నీకే ఉండనీ."

"దేవుని మీద ఒట్టు, ఇచ్చినయి మళ్ల అడగ. గుర్వమ్మత్తే సాక్షి!"

"పెద్దకోడలంటే గిట్లుండాలె!" అంది గుర్వమ్మ.

ఆ మాటతో రూపాయలు చేతులు మారాయి. మెప్పు శ్రీలత తలకెక్కింది. తన గెలుపు నలుగురి ముందు తేలాలని, అత్తను, మనీషను, గుర్వమ్మను ముగ్గురినీ వెంటబెట్టుకొని, వెండిపని చేసే అవుసుల పర్వతాలు దుకాణానికి పోయింది.

"అన్నా, ఏవి అసలువో జర గట్టిగ చెప్పు. అందరు వినాలె."

పర్వతాలు వంకర రూపాయిని బండమీద వేశాడు. ఖంగుమంది. గుండ్రటిది వేస్తే టప్పున పడి ఊరుకుంది.

"వంకరయే అసలువి. సుత్తెతోని ఒక్కొక్కటే కొట్టినయి, ఏ రెండూ ఒక్కతీరుగుండయి. గివి పోత పోసినయి. గంటువడ్డ రూపాయితోని అచ్చు తీసిండ్రు, గందుకే అన్నిటికీ అదే గంటు."

లక్ష్మీనర్సమ్మ పెద్దకోడలి చెవిలో గొణిగింది. "నా దగ్గరున్నయే ఐదు బిడ్డా. నా కష్టం చూసినదానివని నీకిస్తి. చిన్నదాని మనసు నొయ్యొద్దని గవి జాతరల కొన్న. నువ్వేందే గిట్ల జేస్తివి?"

శ్రీలత నోరు తెరిచేలోగా మనీష ఆమె కాళ్లమీద పడింది. "తెల్సే అసలువి నాకిచ్చినవా అక్కా!" గుర్వమ్మ కండ్లొత్తుకుంది. మరునిమిషంలో అక్కాచెల్లెండ్ల ఫోటో మనీష స్టేటస్‌లో ఉంది.

మీ ఇంట్లో పక్కవాళ్ల వాటా గుండ్రంగా కనబడిన రోజున, వాడంతా దానకర్ణురాలని మెచ్చుకునే మా శ్రీలతను ఒక్కసారి యాదిచేసుకోండి.