సిల్తారా పొడిమంచు

మంచు తెల్లగానే ఉండాలని ఎవరన్నారండీ? మా సిల్తారాలో నల్లగా కురుస్తుంది. అదీ ఏడాది పొడవునా! స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగగొట్టాల నుంచి నేరుగా డాబా మీదికి హోమ్ డెలివరీ. అయినా మా ఆవిడ పూర్ణిమకు స్కీ రిసార్టే కావాలట!

మొన్న డిసెంబరులో రెండు షరతులు పెట్టింది. జనం ఉండకూడదు. పొడిమంచు మోకాలిదాకా ఉండాలి.

"అంత దూరం దేనికి? రెండూ మన డాబా మీదే ఉన్నాయిగా!" అన్నాను.

నేనన్నదాంట్లో తప్పేముంది? మా అత్తగారు వరహాలమ్మ గారు కిందటేడు విజయనగరం నుంచి వచ్చి, పొద్దున ఆరేసిన తెల్లచీరను సాయంత్రం గుర్తుపట్టలేక, మర్నాటి రైలుకే వెళ్లిపోయారు. ఆ తర్వాత చుట్టమన్నవాడు మా గడప తొక్కలేదు. ఇంత ప్రశాంతత ఏ రిసార్టులో దొరుకుతుంది చెప్పండి?

ఇక స్కీయింగ్! పక్కింటి మల్లేశ్వరరావు గారు రిటైర్డ్ రైల్వే గార్డు. హవాయి చెప్పులతో మా డాబా ఎక్కి, నీళ్లట్యాంకు దగ్గర బయలుదేరి, పిట్టగోడ దాకా నిలబడే జారారు. కోచ్ లేడు, టికెట్ లేదు!

"బాప్‌రే! బ్రేకే పడలేదయ్యా!" అన్నారు మోచేయి రుద్దుకుంటూ, కాస్త గర్వంగానే.

పూర్ణిమ మెత్తబడలేదు.

"మీ మంచు మీరే ఊడ్చుకోండి. నేనూ మన పాప లహరీ వెళ్తున్నాం. అంతే, ఫైనల్!"

నేను చీపురు వైపు ఒకసారి చూసి, సూట్‌కేసు సర్దుకున్నాను.

హిమాలయాల్లో ఓ మారుమూల రిసార్టు. మేం తప్ప టూరిస్టులే లేరు. ఎటు చూసినా మోకాలిలోతు తెల్లటి పొడి. ఆరేళ్ల మా లహరి కారు దిగుతూనే ముక్కుకు రుమాలు కట్టేసుకుంది.

"నాన్నా, నువ్వూ కట్టుకో! ఇక్కడి ఫ్యాక్టరీ చాలా పెద్దది!"

పాప ఏమందని గైడ్ అడిగితే పూర్ణిమ హిందీలో చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. మాకిద్దరికీ మాత్రం నవ్వు రాలేదు.

నాలుగోరోజు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లి కంప్లయింట్ బుక్ అడిగాను. పాపం, కంగారుపడ్డాడు.

"క్యా హువా సాబ్? హీటర్ ఖరాబ్ హై?"

హీటరు బాగానే ఉంది. నా ఫిర్యాదు వేరు. ఇలా రాశాను:

"ఇంటి దగ్గర రోజూ దగ్గుతూ నిద్రలేచే మా పాప, ఇక్కడికొచ్చాక ఒక్కసారి కూడా దగ్గలేదు. మూడు రోజుల్లోనే మీరు దానికి మంచిగాలి అలవాటు చేసేశారు. రేపు ఏ మొహం పెట్టుకుని దీన్ని సిల్తారా తీసుకెళ్లమంటారు?"