చిన్నాయన తాగిన పాలు

ఆ వేసవి ఉదయం ధనంజయ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో వాళ్ళు లేవకముందే పాలలో ఒక మాత్ర కలుపుకొని తాగేసి, ఏమీ ఎరగనట్టు మామిడి మండీకి వెళ్ళిపోవాలి. అయితే చిత్తూరులోని అతని ఇంట్లో అప్పుడు పదిహేను మంది ఉన్నారు. జపాను వాడు మద్రాసు మీద బాంబులు వేస్తాడని పుకారు పుట్టగానే, భార్య చంద్రకాంతమ్మ తరఫు చుట్టాలంతా మూటాముల్లె సర్దుకొని వచ్చేశారు. మద్రాసు మీద బాంబు పడలేదు, ఇక్కడ చుట్టాలు కదలలేదు.

ఆడవాళ్ళూ పిల్లలూ లోపల సర్దుకోగా, ధనంజయ పడక వీధి తిన్నె మీదికి, డెబ్బై ఏళ్ళ చిన్నాయన మునిరామయ్య పక్కకు చేరింది. దానికీ అతను సరిపెట్టుకున్నాడు. కానీ మొన్న వంటింటి గుమ్మంలో చంద్రకాంతమ్మ తమలపాకులు అందిస్తూ నవ్వితే, అతనికి ఏమీ అనిపించలేదు. ఒకప్పుడు దొడ్లో ఆమె గాజులు మోగితే చాలు, వీధిలో ఉన్న ఇతను చెప్పబోయే మాట మరిచిపోయేవాడు. పెళ్ళయిన కొత్తల్లో మొదటి బేనీషా మామిడిపండు పైపంచెలో దాచి తెస్తే, ఇద్దరూ మిద్దె మీద ఒక్క పండునే పంచుకుని, టెంక కోసం పోట్లాడుకునేవారు. ఎంత మంచి రోజులవి! అప్పటి ఆ మనిషి తనలో లేకుండా పోయాడేమోనని ధనంజయ హడలిపోయాడు.

చిన్నాయన గురకపెట్టే వేళ చూసి, మద్రాసు మందుల షాపులో పనిచేసే తోడల్లుడు శ్రీనివాసులును తిన్నె మీద కూర్చోబెట్టి గోడు చెప్పుకున్నాడు.

"మన ఒంట్లో గ్రంథులుండాయన్నా," అన్నాడు శ్రీనివాసులు గొంతు తగ్గించి. "ఆటిల్లో ఊరే రసాన్ని హార్మోను అంటారు. అది నెత్తుట్లో కలిసి తలకాయకెక్కల్ల. తలకాయ ఊ అంటేనే మగోడికి మనసు పుట్టేది. నలభై దాటితే ఆ రసం తగ్గతాది. నా దగ్గిర యుద్ధానికి ముందొచ్చిన జర్మనీ మాత్రలుండాయి. గుట్టుగా పాలల్లో ఏసుకో."

అలా చేరింది ఆ మాత్ర గ్లాసులోకి. పాలు పొగలు కక్కుతున్నాయని తిన్నె మీద పెట్టి, ధనంజయ మొహం కడుక్కుని వచ్చాడు. గ్లాసు ఖాళీ. చిన్నాయన మీసం తుడుచుకుంటున్నాడు. పక్కన పిల్లి ముడుచుకుని పడుకుంది.

"పాలు బాగుండాయిరా ధనా. రేపూ పెట్టు."

ధనంజయ పరుగున పోయి శ్రీనివాసులును నిద్రలేపాడు.

"ఆ వయసుకు ఆ మందా!" అని శ్రీనివాసులు తల పట్టుకున్నాడు. "గుర్రమైపోతాడన్నా!"

తలుపు చాటున అతని భార్య దేవకమ్మ ఉంది. ఇడ్లీలు ఉడికేలోపల ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. తెలియనిది చంద్రకాంతమ్మకే అని ధనంజయ నమ్మకం.

మునిరామయ్య మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు. జరీ పంచె కట్టాడు. మీసం మెలివేసి, ఎన్నడూ లేనిది నాటకం పద్యం ఎత్తుకున్నాడు. మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన దేవకమ్మను ఆపి, "అమ్మీ, మద్రాసులో నాకీడైన పిల్ల ఎవురైనా ఉండాదా?" అని అడిగాడు.

చెంబు కింద పడింది. ఆడవాళ్ళు లోపల గడియ వేసుకున్నారు.

"వేడి తలకెక్కింది," అని దేవకమ్మ తేల్చింది. "తిరుమలకు తీసకపోయి గుండు కొట్టిస్తే గానీ దిగదు."

మందిచ్చిన పాపానికి శ్రీనివాసులు వెంట వెళ్ళక తప్పలేదు. మొగుణ్ణి ఒంటరిగా పంపడానికి దేవకమ్మ ఒప్పుకోలేదు. ఇంత దూరం వచ్చి స్వామిని చూడకపోతే ఎలాగని మిగతావాళ్ళూ బయలుదేరారు. పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే యుద్ధకాలపు బస్సు అందరినీ మింగి, పొగ వదులుతూ తిరుపతి దారి పట్టింది. బర్రెల పాలు పితకాలని చంద్రకాంతమ్మ, మండీకి బండ్లు వస్తాయని ధనంజయ ఆగిపోయారు.

ముసలాయనకేమవుతుందో అన్న దిగులుతోనే సాయంత్రం ఇంటికి వచ్చాడు ధనంజయ. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మిద్దె మీద గాజులు మోగాయి. చేతిలో బేనీషా పండు ఉన్న సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చింది.

"టెంక నాకు," అంది చంద్రకాంతమ్మ, మెట్ల మీద అతను కనబడగానే.

ధనంజయ గుండె దడదడలాడింది. మాత్రల సీసా గూట్లోనే ఉంది. దాని సంగతి అతనికి గుర్తే రాలేదు. టెంక ఎవరికి దక్కిందో మనకు అనవసరం.

మద్రాసు ప్రశాంతంగా ఉందని కొండ మీద ఎవరో చెప్పడంతో, చుట్టాలంతా మూటాముల్లె తరువాత పంపమని చెప్పి, తిరుపతి నుంచి అటే రైలెక్కేశారు. మునిరామయ్య ఒక్కడే, నున్నటి గుండుతో తిరిగొచ్చాడు. ధనంజయ ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయింది చిన్నాయనా. ఆ పాలల్లో..."

"నేను తాగితే గదరా! మీ గుసగుసలన్నీ ఇన్నా. పాలు పిల్లికి పోసినా. అది పొద్దంతా పండుకునే ఉండె, సూడలా?"

"మరి ఆ పద్యం, ఆ వేషం?"

"రేయ్, తలకాయలో పదిహేను మంది కాపురం పెడితే, రసముండీ ఏం చేస్తాది? ఇల్లు ఖాళీ చేయించల్లంటే నాకింకో దారి కనపడలా." మూతి తడుముకుని నిట్టూర్చాడు. "కొండ మీద మంగలోడు మీసం గూడా తీసేసినాడు. అదొక్కటే నా దిగులు."

ఆ తరువాత ఎప్పుడైనా చుట్టాలు వారం దాటినా కదలకపోతే, చంద్రకాంతమ్మ తిన్నె మీద ఉన్న చిన్నాయనకు ఒక గ్లాసు పాలు పంపించేది.