గంగుబాయి సూది ఫొటో

నిజామాబాద్‌లో ఆ బీడీ కార్ఖానా ఆడవాళ్లందరిలోకీ కరోనా సూది మొట్టమొదట వేయించుకున్నది గంగుబాయి. ఆ గొప్ప నలుగురికీ తెలియకపోతే వేయించుకుని ఏం లాభం? అందుకే మర్నాడు పొద్దున్నే ఆశా కార్యకర్త అయిన కోడలు నవతను పట్టుకుంది.

"పిల్లా, నా ఫొటో గ్రూపుల పెట్టు. నన్ను సూసన్న అందరు సూదికొస్తరు."

నవతకూ కావలసింది అదే. ఆ రోజే గల్లీ చివరి హాల్లో టీకా క్యాంపు. సూదితో జ్వరమొస్తే ఆ పూట బీడీల కూలి పోతుందని ఆడవాళ్లెవరూ కదలడం లేదు. మధ్యాహ్నందాకా జనం రాకపోతే మందు డబ్బా ఎత్తుకుని వేరే వార్డుకు పోతానని నర్సు జ్యోతిరాణి ముందే చెప్పేసింది.

ఉత్త ఫొటో గంగుబాయికి నచ్చలేదు.

"గిట్ల బోసిగ ఉంటె ఎవ్వలు సూస్తరు? జర పూలు గీలు పెట్టియ్యి!"

ఫొటో స్టూడియో భూమేష్ చేయి తిరిగినవాడు. చుట్టూ బంతిపూల దండ, ఇరుపక్కలా దీపాలు, తల వెనక వెలుగు పెట్టి పంపాడు. "అచ్చం దేవత లెక్క ఉన్న!" అని గంగుబాయి మురిసిపోయింది. నవత కింద టీకా సంగతంతా రాసి, చుట్టాలూ కార్ఖానా వాళ్లూ ఉన్న గ్రూపులో పెట్టి క్యాంపుకు పరుగెత్తింది.

కింద రాసింది చదివే ఓపిక ఎవరికుంది? బోధన్‌లో ఉన్న గంగుబాయి ఆడబిడ్డ సుమిత్రమ్మ ఫొటో చూడగానే "ఓం శాంతి" అని పెట్టింది. ఆమె వెనకాలే గ్రూపంతా చేతులు జోడించింది. "నిన్న సూది, ఇయ్యాల దండ" అని ఎవరో రాశారు. ఫోన్ చేసి కనుక్కుందామంటే, చావింటికి ఫోనేమిటని ఎవరూ చేయలేదు. పాత మనిషి పోతే ఒకపూట పని ఆపడం కార్ఖానా ఆనవాయితీ గనక, సేఠ్ తలుపులు మూయించాడు.

ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్న నవత ఫోన్ చూసుకుంది. ఇంటికి ఉరికేసరికి కార్ఖానా ఆడవాళ్లంతా మాస్కులు పెట్టుకుని అప్పుడే వాకిట్లోకి వస్తున్నారు. ఆటో దిగిన సుమిత్రమ్మ "ఓ వదినో, నన్నిడిసి పోతివా!" అని శోకం తీస్తూ గడప దాటింది. లోపల, ఆ పూటకు ఇంట్లోనే పని పెట్టుకుని, ఒళ్లో చేటతో బీడీలు చుడుతున్న వదిన కనిపించింది.

"ఎవ్వలు పోయిండ్రే?" అంది గంగుబాయి.

"నువ్వే గదనే!"

నవత ఏడుపు ముఖంతో సంగతంతా చెప్పింది. "కొంప మునిగింది అత్తమ్మ! గిప్పుడు సూదికి ఎవ్వలొస్తరు?"

గంగుబాయి కొంగు దోపి వాకిట్లోకి వచ్చింది.

"సూడుండ్రి నా దిక్కు! సచ్చినదాని లెక్క ఉన్ననా? సూదేస్కున్న, పొద్దుగాల రొట్టెలు తిన్న, బీడీలు చుడుతున్న. ఏడ్వనీకె ఇంత మంది వస్తిరి, సూదికి రారా? కార్ఖాన ఎట్లనూ బందే గద, బీడీలు పోయేది లేదు. నడువుండ్రి!"

ఇంతదూరం ఏడవడానికి వచ్చి ఊరికే తిరిగిపోవడం ఎవరికీ మర్యాదనిపించలేదు. కళ్లు తుడుచుకుని సుమిత్రమ్మే ముందు నడిచింది. పొద్దుగూకక ముందే డబ్బా ఖాళీ అయింది. జ్యోతిరాణి ఇంకో డబ్బా తెప్పించాల్సి వచ్చింది.

"ఏ క్యాంపుల ఇంత మందిని సూడలే! ఎవరు తోలుకొచ్చిండ్రు?" అందామె.

"మా అత్తమ్మ!" అంది నవత గర్వంగా.

గంగుబాయి కూడా గల్లీ పొడుగునా తలెత్తుకునే నడిచింది గానీ, మనసులో ఒక్కటే ముల్లు. మోర్తాడ్‌లో ఉన్న సొంత తమ్ముడు ఫొటో చూసి కూడా బస్సెక్కలేదు, ఫోన్‌లో రెండు చేతులు జోడించి ఊరుకున్నాడు.

"నేను నిజంగ పోయిననాడు," అంది కోడలితో, "వాణ్ని మాత్రం రానియ్యకు."