అత్తిపత్తి దణ్ణం

ఒక పెద్ద అడవిలో, చెప్పినప్పుడల్లా ఇంకాస్త పెద్దదయ్యే అడవిలో, ఓ అడవిపంది సభాపతిగా ఉండేవాడు. అందరి దుంపలూ తవ్వుకు తినేసి, దారులన్నీ బురద చేసి పెట్టాడు. అందుకని ఆయన ఎదురైతే జంతువులు పలకరించకుండా పొదల వెనక్కి తప్పుకునేవి.

ఓ రోజు ఆయన తన కార్యదర్శి చిట్టెన్న అనే నక్కని పిలిచాడు.

"ఒరే చిట్టెన్నా, పున్నమికి సభ. మళ్ళీ నన్నే ఎన్నుకోవాలి. ఆ మాట అలా ఉంచు, ఒక్క దణ్ణమైనా పెట్టేవాడు లేడేంరా?"

"అందరూ మనసులో పెట్టుకుంటున్నారు దొరా."

"మనసులోది నాకెందుకురా? బయటికి కనపడాలి. పున్నమిలోగా ఆ ఏర్పాటు చెయ్యకపోతే నీ గుహ దుమ్ములగొండికి ఇచ్చేస్తాను."

ఆ గుహలోనే చిట్టెన్న భార్య మొన్ననే పిల్లల్ని కన్నది. వాటికింకా కళ్ళు కూడా తెరుచుకోలేదు.

దిగులుగా చెలమ దగ్గరికి వెళ్తూ, చూసుకోకుండా అత్తిపత్తి మొక్కల్లో కాలేశాడు. గులాబీరంగు దూదిపింజల్లాంటి పూలు. వాటి కింద ఆకులన్నీ చేతులు జోడించినట్టు ముడుచుకున్నాయి. కాడలు వినయంగా కిందికి వాలాయి.

"ఓర్నీ! ఇది దణ్ణమే!" అన్నాడు చిట్టెన్న.

మర్నాడు పందిని ఆ దారిన నడిపించాడు. పొట్ట రాసుకున్నచోటల్లా మొక్కలు వంగాయి. పందికి కళ్ళు చెమర్చాయి.

"చూశావురా! మొక్కకున్న సంస్కారం జంతువులకి లేదు!"

ఇక చిట్టెన్న ఓ పురాణం అల్లేశాడు. పూర్వం అత్తిపత్తి ఓ తపస్విని అట. నిజమైన పాలకుడు వచ్చినప్పుడు తల వంచమని అమ్మవారు చెప్పిందట. కాబట్టి ఈసారి ఓట్లు ఉండవు. అత్తిపత్తి ఎవరికి వంగితే వాళ్ళే సభాపతి.

ప్రతిదానికీ తలూపే తొండ వెంటనే ఊపింది. "శాస్త్రంలో ఉంది, శాస్త్రంలో ఉంది."

ముసలి కుందేలవ్వ మెల్లగా అంది. "నాయనా, మా అమ్మ చెప్పింది వేరు. అదో కొత్త కోడలట. వచ్చినవాళ్ళంతా గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూస్తుంటే వేగలేక పార్వతమ్మని వేడుకుందట. 'పోన్లే తల్లీ, ఎవరు ముట్టుకున్నా తలుపేసుకో' అని ఆవిడ వరమిచ్చింది. అది దణ్ణం కాదయ్యా, తలుపేసుకోవడం."

"నీ కథకి సాక్ష్యం ఉందా అవ్వా?"

"నీ కథకి ఉందా?"

"నా కథకి దొరగారి ముద్ర ఉంది."

పున్నమి వచ్చింది. సభ మధ్యాహ్నం. తెల్లవారుతూనే చిట్టెన్నకి భయం పట్టుకుంది. సమయానికి వంగకపోతే? రిహార్సల్ పెట్టాడు. పందిగారి బదులు దుమ్ములగొండి నడవాలి.

"బావా, పొట్ట కాస్త ముందుకి పెట్టు."

"నాకెక్కడిది బావా ఆ పొట్ట? ఆయన తిన్నవన్నీ నేను తిన్నానా?"

మొక్కలు వంగాయి. కాసేపటికి విచ్చుకున్నాయి. మళ్ళీ నడిపించాడు. తర్వాత తొండని, తర్వాత స్వాగత సంఘం లేళ్ళని. చివరికి "ఓసారి నేనూ చూసుకుంటాను" అని పందిగారే వచ్చి, ముచ్చట తీరక మళ్ళీ మళ్ళీ తిరిగాడు.

మొక్కలు అంతకంతకూ తక్కువగా ముడుచుకుంటున్నాయి, తొందరగా విచ్చుకుంటున్నాయి. "మంచి ఉత్సాహం మీదున్నాయి దొరా!" అన్నాడు చిట్టెన్న.

మధ్యాహ్నానికి అడవంతా చేరింది. పంది మెడలో దండ వేసుకుని హుందాగా నడిచాడు.

ఒక్క ఆకూ కదల్లేదు.

వెనక్కొచ్చి మళ్ళీ నడిచాడు. పొట్టతో రుద్దాడు. పూలు తాపీగా ఆయన మొహంలోకి చూస్తున్నాయి.

"ఏమే, నేనే! పొద్దున వచ్చినవాణ్ణే!"

"అదే మరి," అంది జనంలోంచి ముళ్ళపంది. "పొద్దుట్నుంచీ తాకుతూనే ఉన్నారు. మీరు చేసేదేమీ లేదని దానికీ తెలిసిపోయింది."

జనం గొల్లుమన్నారు. పంది కోపంతో మూతి పెట్టి పెకలించబోయాడు. కాడలనిండా ముళ్ళు. కుయ్యోమంటూ వెనక్కి పడ్డాడు.

సరిగ్గా అప్పుడే, రిహార్సల్ అందని ఆ చివర, ఓ పేడపురుగు తన ఉండ దొర్లించుకుంటూ వచ్చింది. ఉండ తగిలీ తగలగానే అక్కడి అత్తిపత్తి ఆకులన్నీ జోడించి నేలదాకా వంగింది.

సభంతా అటు తిరిగింది. తొండ తలూపింది. "శాస్త్రంలో ఉంది."

"ఏంటయ్యా అలా చూస్తారు? దారి వదలండి," అంది పేడపురుగు. "ఎండకి సరుకు ఆరిపోతోంది."

చిట్టెన్న ముళ్ళు పీక్కుంటున్న పందిని చూశాడు. గుహలో కళ్ళు తెరవని పిల్లలు గుర్తొచ్చారు. ఒక్క పరుగున వెళ్ళి పేడపురుగు ముందు సాగిలపడ్డాడు.

"దొరా! తమకెందుకు శ్రమ? ఆ ఉండ నేను దొర్లిస్తాను."

పేడపురుగు అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ముందు చేతులు కడుక్కురా."

నీతి: దణ్ణాలు పెట్టించుకోదలచిన పెద్దలు జనాన్ని మరీ తరచుగా భయపెట్టరాదు, వాళ్ళకి అలవాటైపోతుంది.